తిరుపతిలో చదువు, అనంతపురం పట్టా: ఈ లెక్క ఎక్కడ మొదలైంది?

పోయిన వేసవిలో పలమనేరు నుంచి మా చిన్నాయన ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. "ఒరే నాయనా, తమ్ముడు చదివింది తిరుపతి పక్కన కదా, ప్రొవిజనల్ సర్టిఫికెట్ వచ్చింది, దాని మీద అనంతపురం అని ఉంది. ఏమన్నా తేడా జరిగిందా?" నాలుగేళ్లు ఫీజు కట్టిన మనిషి, ఒక్కసారి కూడా అనంతపురం వైపు పోని మనిషి, ఆయన భయపడటంలో తప్పేముంది? తేడా ఏం లేదు చిన్నాయనా, ఇక్కడ చదివిన చాలామందికి అట్లే వస్తుంది అని చెప్పాను. వెంటనే ఇంకో మాట అడిగాడు. "అట్లెందుకు వస్తుంది? తిరుపతిలో యూనివర్సిటీ లేదా?"

ఈ రెండో ప్రశ్నకు ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. తిరుపతిలో యూనివర్సిటీ ఉంది, దానికి సొంత ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఉంది, అయినా ఊరి చుట్టూ ఉన్న ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలావాటి పట్టా బస్సులో ఆరు గంటల దూరంలో ఉన్న అనంతపురం నుంచి వస్తుంది. ఇప్పుడు చిన్నాయన చిన్న కూతురు ఈఏపీసెట్ (రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) అయ్యాక వెబ్ ఆప్షన్లకు, అంటే ఆన్‌లైన్‌లో కాలేజీలు ఎంచుకోవడానికి సిద్ధమవుతోంది. జేఎన్‌టీయూ, ఎస్వీయూ, అటానమస్, డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీ, ఐఐటీ అన్నీ ఒకే గంపలో వేసి అడుగుతున్నారు ఇంట్లోవాళ్లు. ఆ ఇంటి కోసం, అలాంటి ఇళ్ల కోసం ఈ చిక్కు విప్పి రాస్తున్నాను.

మొదట ఒక మాట పట్టుకోవాలి. డిగ్రీ అనేది ఒకే పనిలా కనిపిస్తుంది కానీ అందులో మూడు వేరువేరు పనులున్నాయి: పాఠం చెప్పడం, పరీక్ష పెట్టడం, పట్టా ఇవ్వడం. ఈ మూడూ ఒకే చోట జరగాలని రూలేం లేదు. మన దేశంలో మొదట్నుంచీ విడివిడిగానే జరిగాయి. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దాన్ని లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పెట్టారు. ఆ నమూనాలో యూనివర్సిటీ పాఠాలు చెప్పదు. పాఠాలు చెప్పేది ఊరూరా ఉన్న కాలేజీలు, యూనివర్సిటీ సిలబస్ రాస్తుంది, పరీక్ష పెడుతుంది, గెలిచినవాళ్లకు పట్టా ఇస్తుంది. మనం ఇప్పుడు అఫిలియేషన్ అనీ, అనుబంధ కళాశాల అనీ అంటున్నది ఆ ఏర్పాటే. తర్వాత యూనివర్సిటీలు సొంతంగా పాఠాలు చెప్పడం మొదలుపెట్టాయి, సొంత కాలేజీలు కట్టుకున్నాయి, కానీ పాత ఏర్పాటు పోలేదు, పక్కనే నిలబడింది. తమ్ముడి పట్టా మీద అనంతపురం పేరు రావడానికి మూల కారణం అదే.

ఇక మన సీమ కథ. చిత్తూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఇంజనీరింగ్ చదవాలంటే మనవాళ్లకు ప్రధానంగా కనిపించే దారి మద్రాసు, అక్కడి గిండీ కాలేజీ. అది 1794లో సర్వే బడిగా మొదలై ఇంజనీరింగ్ కాలేజీగా ఎదిగింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, రోడ్లు కట్టాలి, ఆనకట్టలు కట్టాలి, కరెంటు లైన్లు లాగాలి, ఇంజనీర్లు చాలరు అని మద్రాసు ప్రభుత్వానికి అర్థమైంది. యుద్ధానంతర పునర్నిర్మాణ పథకం కింద 1946లో తెలుగు ప్రాంతానికి రెండు ఇంజనీరింగ్ కాలేజీలు మంజూరయ్యాయి. ఒకటి విశాఖపట్నం పేరు మీద మొదలై కాకినాడలో స్థిరపడింది. రెండోది అనంతపురం కాలేజీ. విచిత్రమేమంటే ఈ అనంతపురం కాలేజీ మొదట అనంతపురంలో లేదు! కట్టడాలు లేవు కాబట్టి గిండీ ఆవరణలోనే తరగతులు జరిగాయి. 1948లో అనంతపురం ఊరి బయట సైన్యం ఖాళీ చేసిన బ్యారక్‌లలోకి మార్చారు. సిపాయిలు పడుకున్న రేకుల షెడ్లలో సీమ ఇంజనీరింగ్ చదువు నిలబడింది. నాకు ఈ ముక్క చాలా ఇష్టం. భవనం లేదని ఆగకుండా చదువు మొదలుపెట్టి, తర్వాత భవనం వెతుక్కున్నారు.

అదే కాలంలో ఇంకో పోరు నడుస్తోంది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. నీళ్లు, రాజధాని, హైకోర్టు గురించి అందరూ మాట్లాడతారు గానీ అందులో చదువు గురించీ ఉంది. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మరుసటి ఏడు 1954 సెప్టెంబరు 2న, టంగుటూరి ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రిగా ఉండగా, సీమకు యూనివర్సిటీ వచ్చింది. ఒప్పందంలో రాసుకున్న ఊరు అనంతపురం, యూనివర్సిటీ వచ్చిన ఊరు తిరుపతి. దేవస్థానం అండ, భూమి, కొండ కింద విశాలమైన చోటు, ఇవన్నీ తిరుపతికి ఉన్నాయి. మొదటి ఉపకులపతి ఎస్. గోవిందరాజులు నాయుడు గారు. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, అదే మన ఎస్వీయూ, అలా మొదలైంది.

ఇప్పుడు అసలు మలుపు. ఎస్వీయూ రాకముందు అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. ఎస్వీయూ వచ్చాక ఆ కాలేజీ మన తిరుపతి కిందికి మారింది. అంటే ఆ రోజుల్లో అనంతపురంలో ఇంజనీరింగ్ చదివిన పిల్లల పట్టా మీద తిరుపతి యూనివర్సిటీ పేరుండేది! చిన్నాయన లాంటి తండ్రి ఎవరో ధర్మవరంలోనో గుత్తిలోనో కూర్చుని, మావాడు చదివింది అనంతపురంలో కదా, ఈ తిరుపతి పేరేంటి అని అడిగే ఉంటాడు.

తిరుపతిలో ఎస్వీయూ సొంత ఇంజనీరింగ్ కాలేజీ 1959లో మొదలైంది. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ అప్పటి అవసరాలకు తగిన చదువులు. తర్వాత కెమికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ చేరాయి. ఇక్కడ చదివి నీటిపారుదల శాఖల్లో, కరెంటు సంస్థల్లో జీవితమంతా పనిచేసి రిటైరైన పెద్దలు తిరుపతి వీధుల్లో ఇప్పటికీ కనిపిస్తారు. బాలాజీ కాలనీలో టీ తాగుతూ వాళ్లతో మాట్లాడితే, సర్వే క్యాంపులో గొలుసు పట్టుకుని కొండ వాలులో తిరిగిన సంగతి మొదట చెబుతారు, మార్కుల సంగతి అసలు ఎత్తరు.

1972 అక్టోబరు 2న జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే జేఎన్‌టీయూ పుట్టింది, శాసనసభ చేసిన చట్టంతో. సాంకేతిక విద్యకు విడిగా ఒక యూనివర్సిటీ ఉండాలన్నది ఆలోచన. తెలుగు, చరిత్ర, భౌతికశాస్త్రం, ఇంజనీరింగ్ అన్నీ చూసుకునే సాధారణ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ ఒక మూల ఉంటుంది, సిలబస్ మార్చాలన్నా యంత్రాలు కొనాలన్నా పది సభలు దాటాలి, అందుకే విడిగా పెడితే మేలు అనుకున్నారు. అనంతపురం, కాకినాడ, హైదరాబాద్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలు మూడూ, హైదరాబాద్‌లోని లలిత కళలు, వాస్తుశిల్ప కళాశాల కలిపి ఒక యూనివర్సిటీ చేశారు. హైదరాబాద్ కేంద్రం. ఆ రోజు అనంతపురం కాలేజీ తిరుపతి చేయి వదిలింది. ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీ మాత్రం ఎస్వీయూలోనే ఉండిపోయింది, ఎందుకంటే అది యూనివర్సిటీ సొంత బిడ్డ, ప్రభుత్వం నుంచి వచ్చి చేరింది కాదు. తిరుపతి కాలేజీ ఒక దారి, అనంతపురం కాలేజీ ఇంకో దారి అయింది అక్కడే.

అయినా తర్వాత చాలా ఏళ్లు ప్రైవేటు కాలేజీలు ఎక్కడివి అక్కడి ప్రాంతీయ యూనివర్సిటీకే అనుబంధంగా ఉండేవి. కడపలో ఇంజనీరింగ్ చదివిన పెద్దవాళ్ల పట్టాల మీద ఎస్వీయూ పేరు నేను చూశాను. 1990ల తర్వాత కాలేజీలు పెరిగాయి, 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంకా పెరిగాయి, తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో, చిత్తూరు, మదనపల్లె చుట్టూ పొలాల మధ్య బోర్డులు లేచాయి. ఇన్ని కాలేజీలకు ఒకే సిలబస్, ఒకే పరీక్ష ఉంటే మంచిదన్న వాదన బలపడింది, ఇంజనీరింగ్ కాలేజీలు క్రమంగా జేఎన్‌టీయూ గొడుగు కిందికి చేరాయి. హైదరాబాద్ నుంచి ఇంత పెద్ద రాష్ట్రానికి పరీక్షలు నడపడం తలకు మించిన పని అయింది. అందుకే 2008లో జేఎన్‌టీయూని నాలుగు చేశారు: హైదరాబాద్, కాకినాడ, అనంతపురం, నాలుగోది కళలకూ వాస్తుశిల్పానికీ. అనంతపురం యూనివర్సిటీ చేతికి ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు వచ్చాయి. ఒకప్పుడు తిరుపతి పట్టా తీసుకున్న బ్యారక్‌ల కాలేజీ, ఇప్పుడు తిరుపతి పిల్లలకు పట్టా ఇచ్చే యూనివర్సిటీ అయింది. చిన్నాయనకు చెప్పాల్సిన జవాబు ఈ ఒక్క ముక్క. మిగతాదంతా దాని వెనక కథ.

మరి ఎస్వీయూ? దాని నుంచి చాలా వేరు కాపురాలు వెళ్లాయి. 1968లో అనంతపురంలో పెట్టిన పీజీ కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. కడప పీజీ కేంద్రం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం అయింది. నెల్లూరుకు 2008లో విక్రమ సింహపురి వచ్చింది. పరిధి తగ్గింది గానీ ఎస్వీయూ పేరు ఇంకో చోట బలంగా బతికే ఉంది, అది సీట్ల లెక్కలో. ఈ భాగం జాగ్రత్తగా చదవండి, సరిహద్దు ఊళ్లవాళ్లు మరీ జాగ్రత్తగా.

ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371డి అధికరణం, దాని కింద 1974 రాష్ట్రపతి ఉత్తర్వు. వీటి ప్రకారం ప్రవేశాల కోసం రాష్ట్రాన్ని స్థానిక ప్రాంతాలుగా విడగొట్టారు. ఆ ప్రాంతాలకు యూనివర్సిటీల పేర్లే పెట్టారు. మన సీమ జిల్లాలూ నెల్లూరూ కలిసి ఎస్వీయూ ప్రాంతం, మిగతా కోస్తా ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) ప్రాంతం. కన్వీనర్ సీట్లలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే సీట్లలో 85 శాతం స్థానికులకు, 15 శాతం అన్‌రిజర్వుడు. మీ పిల్ల జేఎన్‌టీయూ కాలేజీకి ఆప్షన్ పెట్టినా సీటు లెక్కకట్టేది ఎస్వీయూ ప్రాంతం అనే. ఇక్కడే చాలామంది తికమకపడి, ఎస్వీయూ లోకల్ అంటే ఎస్వీయూ కాలేజీలోనే లోకల్ అనుకుంటారు. కాదు, అది జిల్లాల గుంపు పేరు.

స్థానికత ఎలా తేలుస్తారు? ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతం స్థానికులు. మనవాళ్లు చాలామంది పదో తరగతి దాకా ఇక్కడ చదివించి ఇంటర్‌కు విజయవాడ పంపిస్తారు, అది ఏయూ ప్రాంతం. అప్పుడు నాలుగేళ్లు రెండు చోట్ల పడ్డాయి కాబట్టి ఏడేళ్ల లెక్క చూస్తారు. ఆరు నుంచి పది దాకా అయిదేళ్లు చిత్తూరులో, రెండేళ్లు విజయవాడలో, ఎక్కువ కాలం ఇక్కడే కాబట్టి ఎస్వీయూ స్థానికుడే. భయం అక్కర్లేదు. కానీ కుప్పం, వి.కోట, పలమనేరు వాళ్లు బెంగళూరులో ఇంటర్ చదివిస్తే సంగతి వేరు. ఏడేళ్ల లెక్క పనిచేయాలంటే ఆ ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. బెంగళూరుకో వేలూరుకో రెండేళ్లు పంపామంటే 85 శాతం చేజారినట్టే, తల్లిదండ్రుల పదేళ్ల నివాసం చూపించి 15 శాతంలో పోటీ పడాలి. ఇంటర్ చేర్పించే ముందు తెలిస్తే ఉపయోగపడే సంగతి ఇది, కౌన్సెలింగ్ రోజు తెలిస్తే ఏడవడం తప్ప ఏం లేదు. ఆ ఏడాది నోటిఫికేషన్ మాత్రం తప్పకుండా చదువుకోండి, వివరాలు మారుతుంటాయి.

ఇక చదువు లోపలి సంగతులు. మా తమ్ముడు మొదటి ఏడు ఇంటికి వచ్చి ఆర్ నంబరు, క్రెడిట్లు, మిడ్స్, కండోనేషన్ అని మాట్లాడితే చిన్నాయనకు అది వేరే భాషలా వినిపించింది.

ఆర్ అంటే రెగ్యులేషన్. ఆర్15, ఆర్19, ఆర్20, ఆర్23 ఇలా. చేరిన ఏడాది ఏ నిబంధనల పుస్తకం అమల్లో ఉందో, పట్టా దాకా మీకు అదే రాజ్యాంగం. 2023లో చేరినవాళ్లకు ఆర్23. నాలుగేళ్లు సాఫీగా పోతే దీని గురించి ఆలోచించే పనే లేదు. హాజరు తక్కువై ఒక ఏడు వెనకబడితే మాత్రం తెలుస్తుంది: వెనక వచ్చిన బ్యాచ్‌కి కొత్త రెగ్యులేషన్ ఉంటే, వాళ్లతో కలిసినవాడు తాను చదవని సబ్జెక్టులు అదనంగా రాయాలి, చదివేసినవాటికి సమానమైనవి ఏవో తేల్చుకోవాలి, ఆఫీసు చుట్టూ తిరగాలి. హాజరు లెక్క ఇది. 75 శాతం ఉంటే పరీక్షకు అర్హత. 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం చూపి, ఫీజు కట్టి కండోనేషన్ తీసుకోవచ్చు. 65 కంటే తగ్గితే డిటెయిన్, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. చిన్న పొరపాటనుకున్నది ఏడాది జీవితం తినేస్తుంది. నా కళ్లముందు చూశాను, బాగా చదివే పిల్లాడే, కామెర్లు వచ్చి పడుకుని సర్టిఫికెట్ సకాలంలో ఇవ్వలేదు, అంతే.

క్రెడిట్ అంటే పనికి తూకం. వారానికి ఒక గంట పాఠం సెమిస్టర్ అంతా ఉంటే ఒక క్రెడిట్, ల్యాబ్ అయితే రెండు గంటలకు ఒకటి. బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు, సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్ తర్వాత చాలాచోట్ల ఈ అంకే స్థిరపడింది. ఆనర్స్ కావాలన్నా, వేరే బ్రాంచిలో మైనర్ కావాలన్నా దాని పైన అదనంగా చదవాలి.

జేఎన్‌టీయూ అనంతపురంలో థియరీ సబ్జెక్టుకు 100 మార్కులు, 30 ఇంటర్నల్ (కాలేజీ వేసేవి), యూనివర్సిటీ పరీక్షకు 70 ఎక్స్‌టర్నల్. సెమిస్టర్‌కు రెండు మిడ్స్, అంటే మధ్యలో కాలేజీలో పెట్టే పరీక్షలు. రెండింటిలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం బరువు. మొదటి మిడ్‌లో 28, రెండో మిడ్‌లో 18 వస్తే ఇంటర్నల్ 22.4 ప్లస్ 3.6, అంటే 26. ఒక మిడ్ చెడిందని కుంగిపోవాల్సిన పని లేదు, అదే సమయంలో మొదటిది బాగా రాశానని రెండోది వదిలేస్తే కొంత పోతుంది. పాసవ్వాలంటే రెండు గేట్లు దాటాలి: ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, అంటే 70కి 25, మొత్తం మీద 40. ఇంటర్నల్ 28 ఉన్నవాడికి 12 వస్తే మొత్తం 40 అవుతుంది కదా అనుకుంటారు, అవుతుంది గానీ మొదటి గేటు దగ్గరే ఆగిపోతాడు. ఇంటర్నల్ 10 వచ్చినవాడు 25 తెచ్చుకున్నా లాభం లేదు, 30 కావాలి. సప్లీలు ఎక్కువగా ఈ రెండో రకం పిల్లలకే మిగులుతాయి, ఎందుకంటే ఎక్స్‌టర్నల్ మళ్లీ రాయొచ్చు గానీ ఇంటర్నల్ అక్కడే గడ్డకట్టుకుపోతుంది.

సీజీపీఏని, అంటే పదికి లెక్కకట్టే సగటు గ్రేడును శాతంగా మార్చడానికి ఇటీవలి రెగ్యులేషన్లలో ఒక సూత్రం ఉంది: అందులోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. 7.5 అంటే 70 శాతం. కంపెనీ 60 శాతం అడిగితే మీకు 6.5 ఉండాలి, ఆరు చాలదు. వేరే యూనివర్సిటీ సూత్రం వేరేగా ఉండొచ్చు, కాబట్టి రెండు చోట్ల 7 ఒకటే అనుకోకండి.

ఈ అంకెలన్నీ నేర్చుకోవడం గంట పని. నాకు బాధ కలిగించేది వీటి వెనక ఉన్న ఏర్పాటు. అనుబంధ కాలేజీలో పాఠం చెప్పే మేడమ్‌కు ఫైనల్ ప్రశ్నపత్రంలో ఏముంటుందో తెలియదు, పత్రం తయారుచేసినవాళ్లకు ఆ తరగతిలో ఏం జరిగిందో తెలియదు, పేపర్లు దిద్దేవాళ్లకు ఆ రెండూ తెలియవు. పేరు కనిపించకుండా కోడింగ్ చేసి, ఎవరో ఎక్కడో స్పాట్‌లో దిద్దుతారు. దీనివల్ల ఒక పెద్ద మేలుంది: ఏ ఊరి పిల్లకైనా ఒకే కొలత, కాలేజీ యజమానికి మార్కుల మీద పట్టుండదు. ఆ మేలు తక్కువదేం కాదు. కానీ నష్టమూ అక్కడే ఉంది. ఐదు యూనిట్లు, యూనిట్‌కు రెండు ప్రశ్నలిచ్చి ఒకటి రాయమంటారు కాబట్టి పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, ముఖ్యమైన ప్రశ్నలు గుర్తుపెట్టుకుని, గైడు కొని పరీక్ష దాటే అలవాటు పెరిగింది. ఒక మంచి మాస్టారు, మీ ఊరి చెరువు కట్ట ఎందుకు తెగిందో చూసి రండి, దాని మీదే ప్రశ్న ఇస్తాను అనలేడు. ఆయన చేతిలో ఆ 30 మార్కులే ఉన్నాయి.

అటానమస్ అనేది ఈ ఇబ్బందికి వెతికిన మందు. కొఠారీ కమిషన్ 1966 నివేదికలోనే మంచి కాలేజీలకు స్వయంప్రతిపత్తి ఇవ్వాలంది. అటానమస్ కాలేజీ సిలబస్ తానే రాసుకుంటుంది, పరీక్ష తానే పెట్టుకుంటుంది, ఫలితాలు తానే ఇస్తుంది. పట్టా మాత్రం యూనివర్సిటీదే, కాబట్టి దాని మీద మళ్లీ అనంతపురమే. మంచి అధ్యాపకులున్న చోట ఇది నిజంగా మేలు చేస్తుంది, కొత్త సబ్జెక్టులు త్వరగా వస్తాయి, ల్యాబ్ ప్రాజెక్టులకు విలువుంటుంది. అధ్యాపకులు ఏటా మారిపోయే చోట అదే స్వేచ్ఛ మార్కులు పంచడానికి పనికొస్తుంది. బోర్డు మీద అటానమస్ అని చూసి ఆగకండి. ఎన్నేళ్లుగా అదే మాస్టార్లు ఉన్నారో అడగండి.

యూనివర్సిటీ సొంత కాలేజీలు వేరే రకం. ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఎస్వీయూ సొంతం. జేఎన్‌టీయూ అనంతపురానికి అనంతపురం కాక పులివెందులలో 2006లో, అప్పటి చిత్తూరు జిల్లా కలికిరిలో 2013లో సొంత కాలేజీలు వచ్చాయి. తిరుపతిలో 1983 నుంచి ఉన్న పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ ఆడపిల్లలకు ఇంజనీరింగ్ ఉంది. ఇక్కడ పాఠం, పరీక్ష, పట్టా మూడూ ఒకే గూటిలో. "మావాడికి జేఎన్‌టీయూలో వచ్చింది" అని ఎవరైనా అంటే, సొంత కాలేజీలోనా, అనుబంధ కాలేజీలోనా అని అడగాల్సిందే, రెండింటికీ మాటలో తేడా కనిపించదు గానీ ర్యాంకులో, ఫీజులో చాలా తేడా. సొంత కాలేజీల్లో కూడా కొన్ని బ్రాంచీలు సెల్ఫ్ ఫైనాన్స్, వాటి ఫీజు వేరు, ఆప్షన్ పెట్టేటప్పుడు గమనించండి. ఇంకో సంగతి, భారతిదాసన్ యూనివర్సిటీ కేసులో 2001లో సుప్రీంకోర్టు, యూనివర్సిటీలు సొంతంగా కోర్సు పెట్టడానికి ఏఐసీటీఈ ముందస్తు అనుమతి అక్కర్లేదంది. ప్రమాణాలు పాటించాలి గానీ, అనుబంధ కాలేజీలా ముందుగా అనుమతి తెచ్చుకోవాల్సిన పని లేదు.

న్యాక్, ఎన్‌బీఏ అని గేటు దగ్గర రాసుంటుంది. న్యాక్ మొత్తం సంస్థకు ఇచ్చే గ్రేడు, ఎన్‌బీఏ ఒక్కో బ్రాంచికి విడిగా ఇచ్చే గుర్తింపు. కాలేజీకి ఎన్‌బీఏ ఉందంటే మీ బ్రాంచికి ఉందని కాదు. 2014లో మన దేశం వాషింగ్టన్ ఒప్పందంలో (ఇంజనీరింగ్ చదువులను దేశాలు పరస్పరం గుర్తించుకునే ఏర్పాటు) పూర్తి సభ్యత్వం పొందింది, ఎన్‌బీఏ టైర్ 1 కింద గుర్తింపు పొందిన కోర్సులకే అది వర్తిస్తుంది. టైర్ 1 యూనివర్సిటీలకు, అటానమస్ కాలేజీలకు. మామూలు అనుబంధ కాలేజీలకు టైర్ 2. విదేశాల్లో ఇంజనీరుగా రిజిస్టర్ అవ్వాలనుకునే పిల్లలకు ఇది పనికొచ్చే వివరం.

డీమ్డ్ అంటే యూజీసీ చట్టం 1956 సెక్షన్ 3 కింద కేంద్రం యూనివర్సిటీతో సమానంగా గుర్తించిన సంస్థ. మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది: రాష్ట్రీయ సంస్కృత విద్యాపీఠం 1987లో డీమ్డ్ అయింది, 2020లో చట్టం ద్వారా జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంగా మారింది. ప్రైవేటు యూనివర్సిటీ రాష్ట్ర చట్టం కింద వస్తుంది, పట్టా తనదే. ఐఐటీ వీటన్నిటికీ అవతల, పార్లమెంటు చట్టం కింద తన పట్టా తానే ఇస్తుంది. 2014 పునర్విభజన చట్టంలో ఇచ్చిన మాట ప్రకారం ఐఐటీ తిరుపతి 2015లో ఐఐటీ మద్రాసు చేయి పట్టుకుని నాలుగు బ్రాంచీలతో మొదలైంది, ఇప్పుడు ఏర్పేడు దగ్గర సొంత ఆవరణలో ఉంది. అక్కడికి దారి జేఈఈ అడ్వాన్స్‌డ్, ఈఏపీసెట్‌తో సంబంధం లేదు.

ఇవన్నీ చెప్పాక చిన్నాయన అడిగాడు, "సరే నాయనా, ఏది మంచిది?" నేను ప్రభుత్వ యూనివర్సిటీ సొంత కాలేజీ వైపే మొగ్గుతాను, దాచను. ఫీజు తక్కువ, పక్కనే ఇతర శాఖలు, లైబ్రరీ, పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్లు, పల్లెల నుంచి వచ్చిన పిల్లల మధ్య పెరిగే ధైర్యం. కానీ రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ పోస్టులు చాలా ఏళ్లుగా నిండకుండా ఉన్నాయి, అకడమిక్ కన్సల్టెంట్ల భుజాల మీద తరగతులు నడుస్తున్నాయి. ఏళ్ల తరబడి తక్కువ జీతానికి, రేపటి భరోసా లేకుండా పాఠం చెబుతున్న వాళ్లలో నాకు తెలిసిన గొప్ప టీచర్లున్నారు. బ్యారక్‌లలో చదువు మొదలుపెట్టిన రాష్ట్రం, భవనాలు కట్టుకున్నాక మాస్టార్లను నియమించకపోవడం నాకు మింగుడుపడదు.

అందుకే చిన్నమ్మిని తీసుకుని రెండు రోజులు తిరిగాం. ఎస్వీయూ క్యాంపస్‌కు వెళ్లాం, ఇంకో రెండు కాలేజీలు చూశాం. రిసెప్షన్‌లో ఇచ్చే రంగుల పుస్తకం పక్కనపెట్టి ల్యాబ్ దగ్గర నిలబడమన్నాను. ఆ పిల్ల ప్రతిచోటా సీనియర్లను ఒకే ప్రశ్న అడిగింది: "అక్కా, ఈ మిషన్ మీద మీరు చేశారా, చేస్తుంటే చూశారా?" ఒకచోట ఇద్దరు అమ్మాయిలు మేమే చేశాం అని రికార్డు తెరిచి రీడింగులు చూపించారు, అందులో తప్పు వచ్చి కొట్టేసి మళ్లీ రాసింది కూడా. ఇంకోచోట మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది.

రాత్రి పలమనేరులో కూర్చుని ఆప్షన్లు కాగితం మీద రాసుకుంది. మొదటిది చదివితే చిన్నాయన అడిగాడు, "దీని పట్టా మీద ఏ పేరొస్తుంది?" శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం అన్నాను. రెండోది కలికిరి. "దానికి?" అనంతపురం. మూడోదానికీ అనంతపురమే. ఈసారి ఆయన ఏమీ అడగలేదు, కళ్లద్దాలు సర్దుకుని నాలుగోది చదవమన్నాడు.